టెక్ సందేహాలు: సైటు కొత్త రూపానికి ‘శ్రీ’కారం

పదేళ్లుగా జిల్లాలోని గుళ్లు, పాత కట్టడాల మీద వర్డ్‌ప్రెస్ సైటులో రాస్తున్నాను. మూడొందల పైచిలుకు వ్యాసాలయ్యాయి. ‘నాన్నా, పాత వాల్‌పోస్టరులా ఉంది, మార్చేయ్’ అంటూ మావాడు కొత్త థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే మూస) కొనిచ్చాడు. తీరా వేసి చూస్తే శీర్షికల్లో అక్షరాల మీది గుడులు తెగిపోయి కనిపిస్తున్నాయి. ఎక్కడ మొదలెట్టాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆమదాలవలస)

మాస్టారూ, పునాదికి ముగ్గు పోయకుండానే కిటికీలకు తెరలు కొన్నాడు మీవాడు. ఫరవాలేదు, డబ్బు వృథా కాదు. ఓ వారం ఆ థీమ్ పక్కన పెట్టి, కాగితం, పెన్సిలు తీయండి.

కాగితం మీద ఫోనంత గడి ఒకటి గీయండి. అందులో హోమ్ పేజీ వేయకండి, ఒక వ్యాసం పేజీ వేయండి. మీ సైటుకి వచ్చేవాళ్లలో చాలామంది ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి నేరుగా వ్యాసంలోనే దిగుతారు. గుమ్మం తొక్కేవాళ్లు తక్కువ. నమ్మకం కలక్కపోతే సైటు గణాంకాలు తెరిచి, ఏయే పేజీలు ఎక్కువగా చూశారో మీరే లెక్క చూసుకోండి. మీ వ్యాసాల్లో అన్నిటికన్నా పొడవైనది ఒకటి, నాలుగు ముక్కల్లో తేలిపోయేది ఒకటి ఎంచుకోండి. ఈ రెండూ ఆ గడిలో చక్కగా కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి.

ఇక గుడుల సంగతి. మీ జిల్లాలోనే దీనికో మంచి పరీక్ష ఉంది. ఒకదాని కింద ఒకటిగా మూడు ఊళ్ల పేర్లు రాయండి: శ్రీకాకుళం, శ్రీకూర్మం, శ్రీముఖలింగం. ‘శ్రీ’కి నెత్తిన గుడిదీర్ఘం, కింద రవత్తు. పై వరుసలోని రవత్తు కింది వరుసలోని గుడిదీర్ఘాన్ని తాకిందంటే వరుసల మధ్య జాగా చాలట్లేదన్నమాట. థీములు తయారుచేసేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషును చూసుకుని కొలతలు పెడతారు. శీర్షికలకు లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరం సైజుకి 1.1, 1.2 రెట్లు పెట్టేసి, గడి దాటినదాన్ని దాచేయమని రాస్తారు. ఇంగ్లీషు అక్షరాలకు అది సరిపోతుంది. మన అక్షరానికి మాత్రం పైన గుడి, కింద వత్తు కోతపడతాయి. శీర్షికలకు 1.4 తగ్గకుండా, వ్యాసానికి 1.7 నుంచి 1.8 దాకా పెట్టండి. అక్షరం సైజు ఫోనులో 18 పిక్సెళ్లు. థీమ్‌లో రూపానికి సంబంధించిన ఆదేశాలు రాసే ‘అడిషనల్ సీఎస్ఎస్’ అనే చోట ఈ అంకెలు రాస్తే చాలు, థీమ్ మార్చక్కర్లేదు. అప్పటికీ తెగుతుంటే గడి దాటినదాన్ని దాచే ఆదేశాన్ని కూడా తీయించండి.

వరుసలు రెండు వైపులా సమంగా వచ్చేలా జస్టిఫై చేయకండి. అచ్చు పుస్తకంలో అది అందమే. తెలుగు మాటలు పొడవు కదా, ‘కట్టించినట్టుగా’ లాంటి మాట ఒక్కటి ఫోను తెర మీద సగం వరుస తినేస్తుంది. మిగిలిన రెండు మాటల మధ్య ఎడ్లబండి దూరేంత సందు మిగులుతుంది. ఎడమ వైపు సర్ది వదిలేయండి. అక్షరాలను పక్కకి వాల్చే ఇటాలిక్ కూడా వద్దు. అది మన లిపికి అలవాటు లేని నడక.

ఫాంటు విషయంలో మీకు స్థానికాభిమానం చూపించుకునే వీలుంది. మీ జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ‘గిడుగు’, పక్క జిల్లా విజయనగరంలో బతికి రాసిన గురజాడ పేరు మీద ‘గురజాడ’ ఫాంట్లున్నాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసినవే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఏదో ఒకటి పెద్ద సైజు శీర్షికలకు వాడండి. వ్యాసం మొత్తానికి మాత్రం నోటో సాన్స్ తెలుగు లేదా మండలి నా ఓటు. ఒక జాగ్రత్త: గిడుగు, గురజాడ, మండలి ఒకే మందంలో వస్తాయి. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజరే అక్షరాన్ని ఉబ్బించేస్తుంది, ‘ఱ’, ‘ఝ’ల్లో కన్నాలు పూడిపోతాయి. శీర్షికను సైజుతో పెంచండి, బోల్డుతో కాదు.

హోమ్ పేజీ చివర్లో చేయండి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చూస్తూనే ఉంటారు కదా, ఎటు పోవాలో తెలిసినవాడికే అది దారి. కొత్తవాడు రిక్షా ఆపి అడగాల్సిందే. మీ మెనూలో ఇప్పుడు పదకొండు విభాగాలున్నాయి, లెక్కపెట్టాను. నాలుగుకి దించండి: గుళ్లు, బౌద్ధ స్థలాలు, తీరం, మిగతావి. శాలిహుండం బౌద్ధంలోకి, కళింగపట్నం దీపస్తంభం తీరంలోకి వెళ్లిపోతాయి. అటో ఇటో తేలనిది వెతుకులాట గడిలో దొరుకుతుంది లెండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది చిరునామాల (లింకుల) సంగతి. రూపం ఎంతైనా మార్చుకోండి, పాత వ్యాసాల చిరునామాలు మాత్రం ముట్టుకోకండి. ఒకప్పుడు నా సైటుని వేరే చోటికి మారుస్తూ ఉత్సాహం కొద్దీ చిరునామాలన్నీ కొత్తగా పెట్టాను. ఎవరెవరో దాచుకున్న లింకులన్నీ ‘పేజీ దొరకలేదు’ అన్నాయి. వాటిని ఒక్కొక్కటే 301 రీడైరెక్టుతో కొత్త చోటికి మళ్లించడానికి రెండు ఆదివారాలు పట్టింది.

కొత్తగా రాసే వ్యాసాలకైతే చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. కారణం మళ్లీ ‘శ్రీ’ గారే. కంప్యూటరు లెక్కలో ఆ ఒక్క అక్షరం నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. చిరునామాలో ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. అంటే ‘శ్రీ’ ఒక్కటే ముప్పై ఆరు! వర్డ్‌ప్రెస్ చిరునామాలో వ్యాసం పేరు వచ్చే భాగానికి 200 అక్షరాలే ఇస్తుంది కాబట్టి మీ పొడుగు శీర్షికలు మధ్యలోనే తెగిపోతాయి. వాట్సాప్‌లో మీ లింకు బారెడు చెత్తలా కనబడటానికి కారణం ఇదే.

మొదలెట్టే ముందు బ్యాకప్. వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే రాతలన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. అందులో ఫొటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. సైటు ఉంచిన హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లి ‘అప్‌లోడ్స్’ ఫోల్డరును విడిగా దించుకోండి. ఈ పని మీవాడికి అప్పజెప్పండి, థీమ్ కొన్నాడుగా.

అన్నయ్యా, మాది పొందూరు. ఇంట్లో నేసిన ఖద్దరు అమ్మడానికి చిన్న సైటు పెట్టాను. ఖద్దరు రంగు నేల, లేత బూడిద అక్షరాలు, చూడ్డానికి నిరాడంబరంగా ఉంది. ధర పేజీలో రాసి ఉన్నా ఫోను చేసి ‘ఎంతమ్మా’ అనడుగుతున్నారు. ఏటి చేయాలి?

చెల్లెమ్మా, ధర రాశావు, కనబడేలా రాయలేదు. మిట్టమధ్యాహ్నం ఫోను పట్టుకుని వీధి అరుగు మీదకొచ్చి నీ సైటు నువ్వే తెరిచి చూడు. నీ కొనుగోలుదారు బస్టాండులో నిలబడి చూసేది అలాగే.

దీనికో కొలత ఉంది. మామూలు సైజు అక్షరానికీ, నేల రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. పాలతెలుపు మీద ఆ పరీక్ష నెగ్గే బూడిదల్లో అన్నిటికన్నా లేతది #767676 అనే కోడు ఉన్న రంగు. నీ నేల పాలతెలుపు కూడా కాదు, ఖద్దరు తెలుపు. దాని మీద ఆ బూడిద కూడా తప్పుతుంది. అక్షరాలకు చింతగింజ లాంటి ముదురు గోధుమరంగు వాడు. ఇంకో రంగు ఒక్కటే ఎంచుకుని ధరకీ, ‘కొనండి’ బటనుకీ తప్ప ఎక్కడా పూయకు.

అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. మడతపెట్టిన బట్టల ఫొటో పైన పెట్టావు. అది ఏ కొట్టులోనైనా ఉంటుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్న మీ అమ్మమ్మ చేతుల ఫొటో ఆరో వరుసలో దాగుంది. దాన్ని పైకి తే.

విజయనగరం నుంచి రాస్తున్నా. సిరిమానోత్సవం ఫొటోలు అరవై ఒకే పేజీలో పెట్టాను. తెరుచుకోవడానికి యుగం పడుతోంది. పైన తిరిగే స్లైడర్ ఉంది. కింద చదరపు గడుల్లో పూజారి కనిపించట్లేదు.

తమ్ముడూ, స్లైడర్ తీసెయ్. రెండో ఫొటో తిరిగేదాకా ఆగేవాడు నాకింకా తగల్లేదు. ఫోను నుంచి వచ్చిన నాలుగైదు ఎంబీల ఫొటోల్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకి దించి, తక్కువ బరువుండే వెబ్‌పీ రకంలోకి మార్చు. ఒక్కోటి రెండొందల కేబీకి అటూ ఇటూ వస్తుంది. పైనున్న పెద్ద ఫొటో రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న హద్దు. కిందివాటికి లేజీ లోడింగ్ (కిందికి జరిపినప్పుడే ఫొటో దిగే ఏర్పాటు) పెట్టు, పై ఫొటోకి మాత్రం పెట్టకు.

సిరిమానోత్సవంలో పూజారి కూర్చునేది ఊరేగించే పొడవాటి మాను కొన మీద. గడి చదరంగా కత్తిరించేటప్పుడు మధ్య భాగం ఉంచి పైనా కిందా కోసేస్తుంది. జాతరంతా ఎవరిని చూడ్డానికి మెడలెత్తుతుందో ఆయనే పోతాడు. ఫొటోలో ఏ భాగం ఉంచాలో చెప్పే సీఎస్ఎస్ ఆదేశం ‘ఆబ్జెక్ట్ పొజిషన్’ను ‘టాప్’ అని మార్చితే పూజారి ఉంటాడు, జనం పోతారు. ఇద్దరూ కావాలంటే ఈ ఒక్క పేజీకి చదరం మానేసి నిలువు గడులు పెట్టు.