రోమ్ చర్చిల మీద రాసిన తమ్మునికి

తమ్మీ,

నీ ట్రావెలాగ్ నిమ్మళంగ కూసొని చదివిన. దేవరకొండ దిక్కు పిలగాడు రోమ్ చర్చిల మీద రాస్తుండంటే సంబురమే గని, మొహమాటం లేకుండ చెప్పమన్నవ్ గాబట్టి చెప్తున్న, ఇది నువ్వు చూసి రాసినట్టు లేదు, ఫోన్ల చూసి రాసినట్టున్నది.

ఒక్క రోజుల సెయింట్ పీటర్స్, పాంథియాన్, సాన్ లుయిజీ, సాంతా మరియా దెల్ పోపొలో, మోషే విగ్రహమున్న చర్చి, అన్నీ చుట్టబెట్టినవ్. గంత పైసలు పెట్టుకొని పోయినోడు తిరగక ఏం చేస్తడు, కని తిరిగినవన్నీ రాయాల్నని ఎవరన్నరు? సెయింట్ పీటర్స్‌ల ఉన్న పియెతా, సచ్చిపోయిన యేసును ఒళ్లె పెట్టుకున్న మేరీ విగ్రహం, దాని పేరా చూడు. మైకెలాంజెలో ఇరవైల వయసుల చెక్కిండు, మేరీ ఎద మీది పట్టీ మీద తన పేరు చెక్కుకున్నడు, 1972ల ఒకడొచ్చి సుత్తితోటి కొట్టిండు, ఇప్పుడు అద్దం అడ్డం పెట్టిన్రు. అన్నీ నిజమే, కని ఇవి దేవరకొండల కూసొని గూడ రాయొచ్చు. ఆ అద్దం అవుతల నీకేం కనబడ్డది, ఎవరి ఫోన్ అడ్డమొచ్చింది, అది నువ్వే చెప్పాలె, అదే చెప్పలే.

సాన్ లుయిజీ కాడ మాత్రం ఒక లైన్ నన్ను పట్టుకున్నది. చాపెల్, అంటే చర్చి లోపలి చిన్న ప్రార్థన గది, అంత చీకటి, పక్కన డబ్బాల యూరో కాయిన్ వేస్తే లైట్ వెలిగింది, ఇంకా చూస్తనే ఉన్న టప్పున ఆరిపోయింది అని రాసి, మళ్ల పాంథియాన్ దిక్కు ఉరికినవ్. ఎందుకురా ఉరుకుడు? ఆ చాపెల్ గోడకున్న బొమ్మల ఉన్నదెవరు, పన్నులు వసూలు చేసే మత్తయి, యేసు వచ్చి తనెంట రమ్మని పిలుస్తుండు, బల్ల చుట్టు కూసొని పైసలు లెక్కపెడ్తున్రు, గా పైసల లెక్క చూడనీకె నువ్వు పైసలు వెయ్యాలె! కారవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1600 ప్రాంతంల గీసిండు దాన్ని. యేసు కుడి కొసకుంటడు, ఆయన శిష్యుడు పేతురు అడ్డముంటడు, మనకు బాగ కనబడేది యేసు మొఖం, చాపిన చెయ్యే. వెలుతురు ఆయన తల మీదికెళ్లి ఏటవాలుగ వచ్చి బల్ల కాడి మొఖాల మీద పడ్తది, చాపెల్ అసలు కిటికీ గూడ ఆ దిక్కే ఉన్నది. అంటే బొమ్మ ఏడ వేలాడ్తదో, వెలుతురు ఎటుకెళ్లి వస్తదో చూసుకొని గీసిండన్నట్టు. మత్తయి కథే ఎందుకంటవా, ఆ చాపెల్‌కు పైసలు పెట్టిన కార్డినల్ కొంతరెల్లి పేరే మత్తయి, తన పేరున్న సెయింట్ కథ గీయించాలని చెప్పిపోయిండు. చరిత్ర గింతే చాలు, నిలబడ్డ కాడ మనసుకొచ్చిన ప్రశ్నకు జవాబైతేనే పెట్టు, మిగిలింది తీసెయ్యి.

నువ్వు నల్గొండ జిల్లోనివి, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నీకు కొత్తనా? మూడు గర్భగుళ్లు, అండ్ల ఒకదాన్ల లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంత కదలదు. అది ఏ స్తంభం నీడో అని ఒక్కొక్క స్తంభం కాడ నిలబడి చూడని పిలగాడుంటడా మనకాడ. నేరుగ కొట్టే ఎండ నీడ కాదది, స్తంభాల సందులకెళ్లి పరుచుకొని లోపలికొచ్చే వెలుతురుతోటి పడే నీడ, అందుకే సూర్యునితోటి తిరగదు. వెలుతురు ఎటుకెళ్లి వస్తుందని ఎతికే కన్ను నీకు చిన్నప్పటిసంది ఉన్నది, రోమ్‌ల దాన్ని జేబుల పెట్టుకొని తిరిగినవ్. అట్లని రోమ్ కంటె పానగల్లే గొప్ప అని మాత్రం రాయకు, ఆ పోటీలంటే నాకు చిరాకు. పానగల్లు పేరే రాకున్నా మంచిదే.

పోపొలోల కారవాజ్జోయే గీసిన రెండు బొమ్మలకు “అద్భుతం, మాటలు చాలవు” అని పెట్టినవ్. మాటలు చాలకపోతే మనకెందుకు ఈ పని. పౌలు గుర్రం మీదికెళ్లి పడ్డ బొమ్మల ఎక్కువ జాగ గుర్రానిదే, పౌలు కింద వెల్లకిల పడి చేతులు చాపి ఉంటడు. ఎదురు గోడకు పేతురు, తలకిందులు సిలువ వేస్తున్రు, లేపుతున్న ముగ్గురు కూలోళ్ల మొఖాలు సరిగ కనబడయ్, ఒకడైతే సిలువ కిందికి దూరి ఎత్తుతుంటడు, వాని అరికాళ్లకు మట్టి. ఆ మట్టి కాళ్ల మీద ఒక పేరా రాయి చూద్దాం.

ఇంకోటి, ఏ పొద్దుల పోయినవో రాయి. మన మెదక్ చర్చి 1924ల తెరిచిన్రు, కరువు కాలంల జనానికి కూలి దొరకాలని కట్టిచ్చిన్రంటరు, దాని రంగు అద్దాల బొమ్మలు బయట వెలుతురుంటేనే కనబడ్తయ్, పొద్దుగూకితే అంత నలుపే. రోమ్‌ల చానా చర్చిలు మధ్యాహ్నం మూస్తరు, నువ్వు ఏదో ఒక తలుపు ముందట కూసొనే ఉంటవ్, ఆ గంట ఏమైంది, ఏం తిన్నవ్, ఎవరితోటి మాట్లాడినవ్?

చివరి పేజీల ఎక్కడనో దాచిపెట్టినవ్ సూడు, గడప కాడ షూ విప్పబోయి, అందరు బూట్లతోటే లోపలికి పోతుంటె మళ్ల లేస్ కట్టుకున్న అని, మొత్తంల నాకు నచ్చింది గదే. మన ఊర్లల్ల చానా చర్చిలకు చెప్పులు బయట విడిచే పోతం గదా, అది తెలిసినోడే రాయగల లైన్ అది. మొదటి పేజీకి తీస్కరా.

టైటిల్ మార్చు, “రోమ్‌లో ఒక రోజు” వద్దు. సాన్ లుయిజీ, పోపొలో, ఈ రెండే ఉంచి తిరగరాసి పంపు. వాట్సాప్‌ల పీడీఎఫ్ పెట్టకు, నాకు దిద్దరాదు, వర్డ్ ఫైలే పంపు.

మీ అన్న