నగలు తాకట్టు పెట్టి ఇంగ్లండ్ తోటలకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది కడియం. నర్సరీ మీదే బతుకుతున్నాం. నాకు 49, మావారికి 54, ఆయనకు షుగర్ ఉంది. వచ్చే మే నెలలో 11 రోజుల ఇంగ్లండ్ గార్డెన్ టూర్ ఉంది. గైడ్‌తో చెల్సీ ఫ్లవర్ షో, సిసింగ్‌హర్స్ట్, గ్రేట్ డిక్స్‌టర్, హిడ్‌కోట్ తోటలు చూపిస్తారు. ఇద్దరికీ 7,80,000. బ్యాంకులో 2,10,000 ఉన్నాయి. నా నగల మీద 5 లక్షలు, క్రెడిట్ కార్డు మీద 2 లక్షలు తీసుకుని, మిగతా 80 వేలు బ్యాంకులోంచి తీద్దామనుకుంటున్నాం. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు, నర్సరీ ఖర్చు 65 వేలు. అన్నీ పోను ఏడాదికి 3 లక్షలు మిగులుతాయి. హెల్త్ పాలసీ లేదు. నర్సరీలో 30 లక్షల సరుకుంది కాబట్టి భయం లేదనిపిస్తోంది. వెళ్లొచ్చా?

జవాబు: ఈసారికి వద్దమ్మా.

మీ కోరికలో తప్పేమీ లేదు. మొక్కల మధ్య బతికే మనిషికి సిసింగ్‌హర్స్ట్‌లోని తెల్లపూల తోటను, గ్రేట్ డిక్స్‌టర్‌లో దాని యజమాని క్రిస్టఫర్ లాయిడ్ జంకు లేకుండా రంగులు కలిపి నాటిన పొడవాటి పూలబారును కళ్లారా చూడాలని ఉండదా? ఏ మొక్క పక్కన ఏది ఎందుకు నాటారో తెలిసిన గైడ్ వెంట ఉంటే మీ వ్యాపారానికీ పనికొస్తుంది. నా అభ్యంతరమంతా మీరు డబ్బు తెచ్చే దారి మీదే.

‘సరుకుంది కాబట్టి భయం లేదు’ అన్నారే, ఆ మాటకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. నర్సరీలవాళ్లే కాదు, బట్టల కొట్లవాళ్లు, కిరాణావాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తారు. గోదావరి పొంగి మడుల్లో నీళ్లు నిలిచినా, తుపాను గాలికి షేడ్‌నెట్ చిరిగినా మీకు డబ్బు కావాల్సింది అప్పుడే, మొక్కలు చచ్చేదీ అప్పుడే. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోతే కడియంలో ఏమైందో మీకు నేను చెప్పాలా? కొనేవాడు రాకపోయినా మొక్కకు నీళ్లు పెట్టాలి, కూలీకి డబ్బివ్వాలి. సరుకును అత్యవసర నిధి లెక్కలో వేయకండి.

ఇల్లు, నర్సరీ కలిపి మీకు నెలకు 1,05,000 కావాలి. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు, అంటే 6,30,000 చేతిలో ఉండాలి. ఉన్నది రెండు నెలలకు సరిపడా. అందులోంచి 80 వేలు తీస్తే నెల పైన వారం గడుస్తుంది, అంతే. ఇక అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు ఆదుకునేవి ఆ నగలు. వాటిని విహారయాత్ర కోసం తాకట్టు పెడితే, రేపు వరద వస్తే బ్యాంకుకు ఏం పట్టుకెళ్తారు? 10 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాది తిరిగేసరికి 5,50,000 కట్టాలి. మీకు మిగిలేదే 3 లక్షలు. అందులోంచే కార్డు ఈఎంఐ కూడా. ఒక్క వాయిదా తప్పితే కార్డువాళ్లు వేసే వడ్డీ నెలకు మూడు శాతం పైనే ఉంటుంది. తిరిగొచ్చాక ఏం అమ్మి కడతారో రాసుకోకుండా ఇలాంటి అప్పు చేయడాన్ని నేను ఒప్పుకోను.

హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, షుగర్ సంగతి దాచకండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా 3 ఏళ్లు. ఎంత ఆలస్యం చేస్తే అంత వెనక్కి పోతుంది. టూర్‌కు వెళ్లేటప్పుడు ట్రావెల్ పాలసీలోనూ షుగర్ సంగతి రాయాల్సిందే. ఇంగ్లండ్‌లో సందర్శకులు ఆస్పత్రిలో చేరితే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) తన మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తుంది.

ఏడాదికి 3 లక్షల చొప్పున దాస్తే నిధిలో తగ్గిన 4,20,000 సుమారు 17 నెలల్లో పూడుతుంది. పాలసీ ప్రీమియంతో ఇంకాస్త పడుతుంది. ఆ తర్వాత టూర్ పేరున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఇద్దరూ వెళ్లాలంటే మరో రెండున్నరేళ్లకు పైగా ఆగాలి. ఒక్కరే వెళ్తే సగం కాలం చాలు, ఎండాకాలంలో రెండోవారు నర్సరీ చూసుకుంటారు. ఈలోగా బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన ఉండనే ఉంది. చెల్సీ షో పట్టుదల వదిలి జూన్ చివర వెళ్లే టూర్ చూసుకుంటే సిసింగ్‌హర్స్ట్‌లో గులాబీలు బాగుంటాయి.

అడ్వాన్స్ కట్టకపోతే ఏజెంటుకు రాలేమని ఇవాళే చెప్పండి. కట్టేసి ఉంటే క్యాన్సిలేషన్ షరతులు చదివి, ఎక్కువ కోత పడే తేదీకి ముందే రద్దు చేసుకోండి. వీసా ఫీజు మాత్రం కట్టకండి, దరఖాస్తు తిరస్కరించినా అది వెనక్కి రాదు.