మొక్కలు ముందు, చేపలు తర్వాత

చి. హారికకు, పెద్దమ్మ ఆశీస్సులు.

వేళచ్చేరి ఫ్లాట్‌లో చిన్న ఫిష్ ట్యాంకు పెట్టుకుంటానని, అందులో నిజం మొక్కలే నాటుతానని రాశావు. ప్లాస్టిక్ మొక్కల జోలికి పోనందుకు ఎంత సంతోషమేసిందో. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో తల్లీ. ట్యాంకు కొన్న రోజున చేపలు కొనకు. నెల పైన ఆగాలి. కొట్టువాడు ఎంత చెప్పినా సరే, ట్యాంకూ చేపలూ ఒకేసారి ఇంటికి తేవద్దు.

ఎందుకంటే చేపల రెట్టా, తినగా మిగిలిన మేతా కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒక రకం. నైట్రైటూ విషమే. దాన్ని పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చేది ఇంకో రకం. ఇవి ఫిల్టరు స్పాంజిలోనూ ఇసుకలోనూ పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు నైట్రేట్‌నీ తీసుకుంటాయి, అమ్మోనియానీ నేరుగా తీసుకుంటాయి. కొత్త ట్యాంకులో వారం తిరక్కుండా చేపలు పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. మన మద్రాసులో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, బోరు నీళ్ళకు పీహెచ్, అంటే క్షారగుణం చెప్పే అంకె, తరచూ ఎక్కువే. వేడీ పీహెచ్చూ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా ఘాటుగా పనిచేస్తుంది.

ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుది తీసుకో. గాజు బౌలు వద్దే వద్దు. చిన్నదైతే సులువనుకుంటారు గానీ, నీళ్ళు ఎంత తక్కువైతే అంత తొందరగా పాడవుతాయి. నేను చెప్పిన కొలతకు 55 లీటర్ల దాకా పడతాయి. ఇసుక, గాజు కలిపితే బరువు 70 కిలోలు దాటుతుంది. అందుకని గట్టి స్టాండు, కింద థర్మోకోల్ షీటు ఉండాలి. పడమటి కిటికీ దగ్గర మాత్రం పెట్టకు. ఎండకు పాచి పడుతుంది, మే నెల కత్తిరి ఎండల్లో నీళ్ళు కాగిపోతాయి.

ఇక నీళ్ళు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మీ అపార్ట్‌మెంట్ సంపులోకి ఏ నీళ్ళు వస్తాయో వాచ్‌మన్‌ని అడుగు. మెట్రో వాటరంటే పూండి, రెడ్ హిల్స్ చెరువులవి. కండలేరు నుంచి పూండికి వచ్చే మన కృష్ణా నీళ్ళూ అందులో కలుస్తాయి. దక్షిణం వైపైతే నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రం నీళ్ళు కూడా ఇస్తారు. వాటిలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే పోతుంది. బోరు, ట్యాంకర్ నీళ్ళ సంగతి వేరు. ఒక ట్యాంకరుకూ ఇంకో ట్యాంకరుకూ పోలికే ఉండదు. ఆర్ఓ సర్వీసు కుర్రాడు వచ్చినప్పుడు అతని దగ్గరి టీడీఎస్ మీటరుతో, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేదానితో, కుళాయి నీళ్ళు చూపించుకో. అంకె ఎక్కువొచ్చిందని దిగులుపడకు, ఆ నీళ్ళలో బతికే మొక్కలూ చేపలూ బోలెడు. ఆ అంకె ఒక్కసారిగా మారిపోకుండా చూసుకోవడమే ముఖ్యం. అందుకే నీళ్ళు మార్చడానికి ముందు రోజే రెండు బకెట్లు పట్టి పెట్టుకో. మీ బిల్డింగులో ఉప్పు వేసే సాఫ్ట్‌నర్ ఉంటే అది కాల్షియం తీసేసి సోడియం కలుపుతుంది, మొక్కలకు పడదు. అప్పుడు సాఫ్ట్‌నర్ దాటని కుళాయి ఏదో కనుక్కుని అక్కడ పట్టుకో. అచ్చంగా ఆర్ఓ నీళ్ళే పోసినా మంచిది కాదు, అందులో ఖనిజాలు ఉండవు.

ఇసుక సన్న గులకది తీసుకుని, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. అనుమానముంటే గుప్పెడు తీసి వెనిగర్ చుక్కలు వెయ్యి. బుడగలొస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే, అది వద్దు. బీసెంట్ నగర్ బీచిలో ఏరుకున్న గవ్వలూ శంఖాలూ ముచ్చటగానే ఉంటాయి గానీ నీళ్ళ గట్టితనం, అంటే అందులో కరిగిన సున్నం, పెంచుతాయి. అవి షోకేసులో పెట్టుకో. ఇసుక ముందు రెండంగుళాలు, వెనక మూడంగుళాలు పరుచు. కింద మట్టి వేయడం, మొక్కల కోసం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ పెట్టడం మొదటి ట్యాంకుకు అక్కర్లేదు.

మొక్కల్లో వలిస్నేరియా, జావా ఫెర్న్, అనూబియాస్, హార్న్‌వర్ట్, ఒకటి రెండు క్రిప్టోకొరైన్ చాలు. ఇవన్నీ గట్టి నీళ్ళకూ మన వేడికీ తట్టుకుంటాయి. కొట్లో గోంగూర కట్టలా సీసం పట్టీ చుట్టి ఇస్తారు, ఆ పట్టీ తీసెయ్యి. కుండీలో వస్తే వేళ్ళ చుట్టూ ఉన్న దూదిలాంటిది ఓపిగ్గా లాగెయ్యి. ఆకుల అడుగున జిగురు ముద్దలు కనిపిస్తే అవి నత్త గుడ్లు, వేలితో తుడిచెయ్యి. ఎర్రగా, ఊదాగా మెరిసే డ్రసీనా లాంటివి కూడా నీటి మొక్కలని అమ్ముతారు. అవి నేల మొక్కలు, మునిగితే కుళ్ళుతాయి.

నాటేటప్పుడు ట్యాంకు సగమే నింపు. ఇసుక మీద పళ్ళెం పెట్టి దాని మీద పోస్తే గుంట పడదు. వలిస్నేరియా వేర్లను రెండు వేళ్ళ వెడల్పు మిగిల్చి కత్తిరించి, పట్టకారుతో ఇసుకలోకి కాస్త లోతుగా దింపు. తర్వాత మెల్లగా పైకి లాగు. ఆకులు మొదలయ్యే తెల్లటి మొదలు ఇసుక పైకి కనబడాలి. అది పూడిపోతే మొక్క కుళ్ళుతుంది. జావా ఫెర్న్, అనూబియాస్‌లకు అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని అసలు పూడ్చకూడదు, నల్ల దారంతో రాయికో కర్రకో కట్టు. క్రిప్టోకొరైన్ ఆకులు మొదటి రెండు వారాల్లో కరిగిపోయినట్టవుతాయి. చచ్చిందని పీకెయ్యకు, వేళ్ళు బతికే ఉంటాయి, కొత్త ఆకులు వస్తాయి. కుళ్ళిన ఆకులు మాత్రం ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. మీ బాల్కనీలో మనీ ప్లాంట్ ఉందన్నావుగా, ఒక కొమ్మ వేళ్ళను ట్యాంకు వెనక నీళ్ళలోకి వదులు. నైట్రేట్ తాగడంలో దానికి సాటి లేదు.

లైటు రోజుకు ఆరు గంటలు, టైమరు పెట్టి. మొదటి వారాల్లో గాజు మీద గోధుమరంగు దుమ్ములాంటిది పడుతుంది, అది దానంతటదే తగ్గుతుంది.

ఫిల్టరుకు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. పంపు నీటి మట్టం కన్నా పైన పెట్టు, లేదా గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు పెట్టు. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్ణించి ప్లగ్గు దాకా పోతాయి. చేపలు లేని ఆ నెలంతా పంపు ఆపకు, పైన దోమతెర కప్పు. నిలవ నీళ్ళని దోమలు గుడ్లు పెట్టేస్తాయి.

ఆ రోజుల్లో రోజూ చిటికెడు మేత వేస్తుండు, బ్యాక్టీరియాకు అదే ఆహారం. నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ, మొక్కలు కొత్త ఆకులు వేస్తుంటే అప్పుడు చేపలకు బయల్దేరు. మూడు మగ గప్పీలతో మొదలుపెట్టు, రెండు వారాలాగి ఇంకో మూడు. ఆడవి తెచ్చావంటే కడుపుతోనే వస్తాయి, పిల్లలతో ట్యాంకు నిండిపోతుంది. ప్లాటీలైనా సరే. నియాన్ టెట్రాలు చల్లటి, మెత్తటి నీళ్ళ చేపలు, మన ఎండలకు ఆగవు. గోల్డ్ ఫిష్‌కి ఆ ట్యాంకు చాలదు. "పాచి తింటుందమ్మా" అని సకర్ ఫిష్ అంటగట్టబోతారు, తీసుకోకు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక జనం చెరువుల్లో వదిలేసిన ఆ చేపే మన ఆంధ్రా వైపు దెయ్యం చేపై జాలర్ల వలలు చింపుతోంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయమిది.

చేపల కవరు పావుగంట నీళ్ళలో తేలనిచ్చి, ట్యాంకు నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, చేపల్ని వలతో తీసి వదులు. కవరులో నీళ్ళు లోపల పొయ్యకు. నీలం మందు, కల్లుప్పు ఊరికే వెయ్యమంటే వెయ్యకు, మందు బ్యాక్టీరియాను చంపుతుంది, ఉప్పు మొక్కల్ని.

ఆపైన పెద్ద పనేం లేదు. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్పు. స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండు, కుళాయి కింద కాదు. ఆవిరైన నీళ్ళకు బదులు ఆర్ఓ నీళ్ళు పోయొచ్చు, ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పులు లోపలే ఉండిపోతాయి కాబట్టి. మే నెలలో మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హీటరు ఊసే ఎత్తకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే అయనావరం వచ్చెయ్యి. ఇద్దరం చేపల కొట్లుండే కొళత్తూరు వెళ్ళి ట్యాంకు, ఇసుక, పంపు కొందాం. వలిస్నేరియా పిలకలు నా దగ్గరే ఉన్నాయి, తడి పేపర్లో చుట్టి ఇస్తాను. నా ఫిల్టరు స్పాంజిలో సగం కోసి, మా ట్యాంకు నీళ్ళతోనే డబ్బాలో వేసి ఇస్తాను. దారిలో ఎండలో పెట్టకుండా, ఆ సాయంత్రమే నీ ట్యాంకులో వేసుకో. బ్యాక్టీరియా సిద్ధంగా వస్తుంది కాబట్టి నీ నెలలో కొన్ని వారాలు తగ్గొచ్చు. ఎన్ని తగ్గాయో టెస్ట్ కిట్టే చెబుతుంది.

మీ పెద్దమ్మ