తెల్లవారుజామున మూడింటికే మెలకువ

ప్రశ్న: నా వయసు 69 ఏళ్లు. రాత్రి ఎనిమిదిన్నరకే పడుకుంటాను. మూడింటికి మెలకువ వచ్చాక మళ్లీ నిద్ర పట్టదు. నిద్రమాత్ర వాడవచ్చునా?
- ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: మీ లెక్క ప్రకారమే ఆరున్నర గంటలు నిద్రపోతున్నారు, పెద్దవయసులో 7 నుంచి 8 గంటలు కావాలంటారు కాబట్టి, లోటు మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. వయసు పెరిగేకొద్దీ మెదడులోని జీవగడియారం ముందుకు జరగడం వల్ల సాయంత్రమే కునుకుపాట్లు, వేకువకు ముందే మెలకువ మొదలవుతాయి. దాన్ని వెనక్కి జరపగలిగేది ముఖ్యంగా సాయంత్రపు వెలుతురే. అందుచేత ఉదయపు నడకను సాయంత్రానికి మార్చి, ఐదింటికి, ఎండ ఇంకా ఉండగానే ఇందిరా పార్కుకు వెళ్లండి. టీవీ ముందు కుర్చీలో కునుకు తీయకుండా పది గంటలకు పడక చేరండి. మెలకువ వస్తే గడియారం చూడకండి. ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీలు వద్దు.

ఆల్ప్రజోలం వంటి మాత్రలను దయచేసి సొంతంగా వాడకండి. ఈ వయసులో అవి మతిమరుపును, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదాన్ని పెంచుతాయి. మెలకువతో పాటు రెండు వారాలకు పైగా దిగులు, ఆకలి మందగించడం ఉంటే అది కుంగుబాటు కావచ్చు, వెంటనే వైద్యుణ్ని కలవండి.