వాన లేకుండానే పెన్నలో నీళ్లెలా పెరిగాయి? – సమాధానం

అవి పైనుంచి వదిలిన నీళ్లయి ఉంటాయి. పొద్దున మోకాలి లోపు పాయ దాటి ఇసుక తిన్నె మీద నడిచాం, తిరిగొచ్చేసరికి నడుము దాకా వచ్చిందన్నారు కదా. ఎగువనున్న సోమశిల డ్యాం గేట్లెత్తితే ఆ నీళ్లు సంగం బ్యారేజీ మీదుగా నెల్లూరుకు చేరతాయి. కడప వైపు గట్టి వాన పడితే చాలు, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు లేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ జాగ్రత్త.

1. బయల్దేరే ముందు సోమశిల, సంగం నీటి విడుదల వార్త చూడండి. వదులుతుంటే ఏట్లో దిగొద్దు, గట్టు మీదే నడవండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: దిగగానే నీటి అంచున, సరిగ్గా తడి ఇసుక పొడి ఇసుక కలిసే గీత మీద, ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకోసారి చూడండి. ఇసుక చదునుగా ఉంటుంది గనక నీళ్లు ముందు పక్కలకు పాకుతాయి. లోతు తెలిసేలోపే అంచు జరిగిపోతుంది. పుల్ల చుట్టూ బెత్తెడు నీళ్లు చేరాయంటే వెంటనే ఒడ్డుకు రండి. తేటనీళ్లు మట్టిరంగుకు తిరిగినా, నురగ, ఎండుపుల్లలు కొట్టుకొచ్చినా అంతే. పిల్లలుంటే ఇంకొక్క నిమిషం కూడా ఆగొద్దు.

3. అప్పటికే పాయ మోకాలు దాటితే దిగకండి. పారే నీళ్లలో పాదాల కింద ఇసుక జారిపోతుంది, పాత ఇసుక గుంతలు పైకి కనపడవు. తిన్నె మీద ఎత్తయిన చోట ఉండి 112కు ఫోన్ చేయండి.