పెళ్లి వీడియో టీవీలో ఎందుకు అలుక్కుపోయింది?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వైశాఖంలో చెన్నైలోనే జరిగింది. వీడియో తీసినవారు రెండు గంటల నలభై నిమిషాల ఫుల్ హెచ్‌డీ ఫైలును మా ల్యాప్‌టాప్‌లో వేసి ఇచ్చారు. దాని పరిమాణం 19 జీబీ. ల్యాప్‌టాప్‌లో చూస్తే పట్టుచీర అంచులోని జరీ పోగులు కూడా తెలుస్తున్నాయి. టీవీలో చూద్దామని 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే, లోపల ఏమీ లేకపోయినా, ఫైలు మరీ పెద్దదిగా ఉందని చెప్పి తీసుకోలేదు. మా వీధిలోని ఒక దుకాణంలో దాన్ని కన్వర్ట్ చేసి 3.8 జీబీకి తగ్గించి ఇచ్చారు. ఇప్పుడు 43 అంగుళాల టీవీలో పెడితే తలంబ్రాల ఘట్టం మొత్తం గళ్లు గళ్లుగా అలుక్కుపోయి కనిపిస్తోంది. టీవీ మార్చమంటారా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మార్చవద్దు. మీ టీవీ తనకు ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తోంది. లోపమంతా ఆ 3.8 జీబీ ఫైలులోనే ఉంది.

లెక్క చూడండి. రెండు గంటల నలభై నిమిషాలంటే 9,600 సెకన్లు. మీ అసలు ఫైలులో సెకను బొమ్మకూ ధ్వనికీ కలిపి దాదాపు 16 మెగాబిట్ల (ఎనిమిది మెగాబిట్లు ఒక మెగాబైటు) సమాచారం ఉండగా, దుకాణంలో చేసి ఇచ్చినదానిలో మూడు మెగాబిట్ల పైచిలుకు మాత్రమే మిగిలింది, అంటే అయిదింట నాలుగు వంతులు పోయాయి. చిత్రమేమిటంటే కొత్త ఫైలు వివరాలు తెరిచి చూసినా అందులో 1920×1080 అనే ఉంటుంది. బొమ్మలో 20,73,600 చుక్కలు ఉన్నాయన్నదే ఆ అంకెకు అర్థం. ఆ చుక్కలను ఎంత శ్రద్ధగా నింపారన్నది అది చెప్పదు. అందుకే ‘ఫుల్ హెచ్‌డీయే కదా’ అని దుకాణం వారు అన్నా అది అబద్ధం కాదు, అలాగని మీకు ఒరిగేదీ లేదు.

మరి తలంబ్రాల దగ్గరే ఎందుకు చెడింది? పెళ్లి వీడియోలలో ఎక్కువగా వాడే హెచ్.264 అనే కుదింపు పద్ధతి, 2003లో ప్రమాణంగా వచ్చినది, ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు. అప్పుడొకటి ఇప్పుడొకటి పూర్తి బొమ్మను దాచుకుని, మధ్యలో వచ్చేవాటిలో ముందు బొమ్మకూ దీనికీ ఏం మారిందో అంతమటుకే రాసుకుంటుంది. అమ్మాయి అడ్డుతెర వెనుక తల వంచుకుని కూర్చున్నంతసేపూ మారేది తక్కువ కనుక మూడు మెగాబిట్లతోనే నెట్టుకురావచ్చు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు వందల బియ్యపు గింజలు తలా ఒక దిక్కుకు ఎగురుతాయి, ముత్యాలు మెరుస్తాయి, చుట్టూ ఫొటోల ఫ్లాష్‌లు పేలుతాయి. ఏ బొమ్మకు ఆ బొమ్మ కొత్తదే. అంత మార్పును రాసుకోవడానికి చోటు చాలక బొమ్మను చిన్న చిన్న చదరాలుగా విడదీసి, ఒక్కొక్క చదరానికి ఉజ్జాయింపుగా రంగు పూసేస్తుంది. మీకు కనిపించిన గళ్లు అవే. కొత్త టీవీ నాణ్యతను పరీక్షించాలంటే దుకాణంలో ఆడించే సముద్రం, పువ్వుల వీడియోల కంటే మన తలంబ్రాల ఘట్టం పెట్టి చూడడం మేలని నా అభిప్రాయం.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. 32 జీబీ వరకు ఉండే పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫైళ్లను అమర్చుకునే ఫ్యాట్32 అనే పద్ధతిలో సిద్ధమై వస్తాయి. ఆ పద్ధతిలో ఒక ఫైలు పరిమాణాన్ని రాసుకోవడానికి 32 బిట్ల చోటు మాత్రమే ఉంటుంది కనుక ఏ ఫైలూ 4 జీబీని చేరకూడదు, డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా సరే. దుకాణం వారు సరిగ్గా 3.8 జీబీకి ఎందుకు కుదించారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నిజానికి మార్చవలసింది ఫైలును కాదు, పెన్‌డ్రైవ్ పద్ధతిని. ల్యాప్‌టాప్‌లో ఆ డ్రైవు గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ అన్నచోట ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌ను ఎంచుకోండి. డ్రైవులో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి కావలసినవి ముందే వేరేచోట దాచుకోవాలి. ఎక్స్‌ఫ్యాట్‌ను మీ టీవీ గుర్తించకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ప్రయత్నించండి. ఈ రెండింటిలో ఒకటి చాలా టీవీలు చదువుతాయి. తరువాత 19 జీబీ ఫైలునే తిన్నగా కాపీ చేసి పెట్టండి.

రెండూ చదవని పాత టీవీ అయితే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైలును 4 జీబీకి లోపు ముక్కలుగా కోసుకోవచ్చు. ఇది కన్వర్ట్ చేయడం కాదు. బస్తాలోని బియ్యాన్ని చిన్న సంచుల్లోకి పోసుకుంటే గింజ గింజలాగే ఉంటుంది, పిండి పట్టించాక మాత్రం ఎవరూ దాన్ని తిరిగి బియ్యం చేయలేరు. దుకాణంలో మీ ఫైలుకు జరిగింది ఆ రెండోది.

ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపినా నాణ్యత తగ్గదు, అయితే అక్కడ ఒక మెలిక ఉంది. మీ ల్యాప్‌టాప్ తెర 1366×768 రకమైతే, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చే డూప్లికేట్ పద్ధతిలో చాలాసార్లు టీవీకి కూడా ఆ తక్కువ బొమ్మే వెళుతుంది. విండోస్ మీటతో పాటు పి మీట నొక్కి, సెకండ్ స్క్రీన్ ఓన్లీ ఎంచుకుని, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920×1080 ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో పెళ్లి వీడియోలు ఎక్కువగా సెకనుకు 25 బొమ్మల చొప్పున ఉంటాయి కాబట్టి అక్కడే రిఫ్రెష్ రేటును (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చుకుంటుందో ఆ అంకెను) 60 నుండి 50 హెర్ట్జ్‌కు మారిస్తే, కెమెరా పక్కకు తిరిగేటప్పుడు వచ్చే కుదుపు కూడా పోతుంది. వధూవరుల పేర్లు అంచుల్లో తెగిపోతుంటే టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి చూపిస్తోందన్నమాట. పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉండేదాన్ని ఎంచుకోండి. కేబుల్ కోసం మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళితే బంగారు పూత ఉన్నదాన్ని ఎక్కువ ఖరీదుకు అంటగట్టబోతారు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలే. కేబుల్ బాగాలేకపోతే తెర మీద మెరుపు చుక్కలు వస్తాయి లేదా బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది గాని, జరీ రంగు ఒకింత తగ్గడం ఉండదు. రెండు మూడు మీటర్ల మామూలు హై స్పీడ్ కేబుల్ మీకు చాలు.

అన్నిటికంటే ముందు ఆ 19 జీబీ ఫైలుకు ఇంకొక ప్రతిని వేరే హార్డ్‌డిస్కులో దాచండి. మా నాన్నగారి షష్టిపూర్తి వీడియోను నేనే ఒకప్పుడు చోటు చాలడం లేదని కుదించి, చిన్న తెర మీద బాగానే ఉందనుకుని అసలును చెరిపేశాను. ఇప్పుడు పెద్ద టీవీలో చూస్తే పురోహితుల వారి ముఖం తప్ప వెనుక కూర్చున్న బంధువులెవరో మా ఇంట్లో ఎవరమూ చెప్పలేకపోతున్నాం.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లోని ఎంకేవీ ఫైలు బొమ్మ చక్కగా వస్తోంది గాని ధ్వని లేదు. ఆడియో నాట్ సపోర్టెడ్ అని చూపిస్తోంది. ఫైలును ఎంపీ4గా మార్చుకోవాలా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఎంకేవీ, ఎంపీ4 అన్నవి డబ్బాల పేర్లు మాత్రమే, లోపల ఉన్న సరుకు వేరు. మీ డబ్బాలో ధ్వని బహుశా డీటీఎస్ రకంలో ఉంది, దాన్ని చాలా టీవీలు ఆడించవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాధనంతో వీడియోకు ‘కాపీ’ అని, ధ్వనికి టీవీలు ఆడించే ఏసీ3 రకం అని చెబితే, బొమ్మను ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం మార్చి కొన్ని నిమిషాల్లో కొత్త ఫైలు ఇస్తుంది. దీనికి విరుద్ధంగా ధ్వని వచ్చి బొమ్మ రాకపోతే, అది పాత టీవీలకు తెలియని హెచ్.265 రకమో, పది బిట్ల హెచ్.264 రకమో అయి ఉండవచ్చు. అప్పుడు ఫైలును తిరగరాయడం కంటే ఆ రకాలను ఆడించే చిన్న మీడియా బాక్సును టీవీకి తగిలించుకోవడమే నయం.

ప్రశ్న: ఫోన్‌లో 4కెలో తీసిన మనవడి అన్నప్రాశన వీడియోను స్క్రీన్ మిర్రరింగ్‌తో టీవీలో చూస్తే మసకగా, ఆగి ఆగి వస్తోంది. మా 4కె టీవీలో ఏదైనా లోపమా?
— ఒక పాఠకుడు, టీ నగర్

జవాబు: మిర్రరింగ్‌లో టీవీకి వెళ్లేది మీ ఫైలు కాదు, మీ ఫోన్ తెర. ఫోను తన తెరను క్షణక్షణమూ హడావిడిగా కుదించి గాలిలో పంపిస్తుంది, ఆ హడావిడిలోనే స్పష్టత పోతుంది. ఫొటోల యాప్‌లో ఉండే కాస్ట్ గుర్తును నొక్కి పంపితే సాధారణంగా ఫైలే వెళుతుంది, విప్పి చూపించే పని టీవీ చేస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కిక్కిరిసి ఉంటాయి కనుక ఫోన్‌నూ టీవీనీ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోండి. అన్నిటికంటే నిక్కచ్చి మార్గం పెన్‌డ్రైవే. ఒక్క మాట: ఆ వీడియో మీకు వాట్సాప్‌లో మామూలుగా వచ్చినదైతే దారిలోనే కుదించుకుపోయి ఉంటుంది, టీవీలో ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం లేదు. మీ అబ్బాయిని దాన్నే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.