చెప్పు సంగతి ముట్టుకోకు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్‌లో చదివితే నాకు కళ్లు లాగుతాయి. అందుకని వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. పద్నాలుగు పేజీలు. మొదటిసారి చదివితే కోపం వచ్చింది. రెండోసారి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. "మాయమయ్యాడు" అన్న మాట కనబడ్డప్పుడల్లా గీత గీస్తూ పోతే పదకొండు తేలాయి.

ఎవరమ్మా మాయం చేసింది?

నీ కుర్రాడు చక్కెర మిల్లులో ఫిట్టరు. అర్జెంటీనా ఉత్తర భాగంలో హుహూయ్ రాష్ట్రంలో, లెదెస్మా కంపెనీ నడిపే ఊళ్లో ఉంటాడు. 1976 మార్చి 24న సైన్యం గద్దెనెక్కింది. జూలైలో ఒక రాత్రి ఆ చుట్టుపక్కల కరెంటు తీసేసి, ఇళ్లలోకి జొరబడ్డారు. ఆ రాత్రీ ఆ తర్వాతి రోజుల్లోనూ దాదాపు 400 మందిని పట్టుకెళ్లారు. ముప్పై మందికి పైగా మళ్లీ ఇంటి మొహం చూడలేదు. పట్టుకెళ్లింది సైనికులూ పోలీసులూ. ఎక్కించింది కంపెనీ ట్రక్కుల్లోనని బతికి బయటపడ్డవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఇదంతా చదివే రాశావని తెలుస్తూనే ఉంది. మరి "చీకటి అతణ్ణి మింగేసింది" ఏమిటి? చీకటికి నోరుందా? ఆ కరెంటు దానంతటది పోలేదు, ఒకడు స్విచ్ ఆపాడు. వాడి చెయ్యి చూపించు.

నా పాత పాటే ఇది, నువ్వూ వినక తప్పదు. కథ ప్రాణం క్రియలో ఉంటుంది. మన భాషలో "తీసుకెళ్లారు" అంటే చాలు, వాక్యం నిలబడిపోతుంది, ఎవరని చెప్పే పని లేదు. "మాయమయ్యాడు" అంటే ఇంకా హాయి. కర్త ఆ కుర్రాడే అయిపోతాడు, తనంతట తను పోయినట్టు. 1979 డిసెంబరులో విలేకరులు అడిగితే అక్కడి సైనిక పాలకుడు జనరల్ విదేలా చెప్పిందీ ఇంచుమించు ఇదే: వాడు బతికీ లేడు, చచ్చీ లేడు, మాయమైపోయినవాడు. నువ్వు పదకొండుసార్లు రాసింది ఆయన మాట. అలా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు అన్న మాట వేరు: "బతికుండగా తీసుకెళ్లారు, బతికుండగానే తెచ్చివ్వండి." 1977 ఏప్రిల్ 30న బ్యూనస్ ఎయిరిస్‌లో, అధ్యక్ష భవనం ఎదుట ప్లాసా దె మాయోలో 14 మంది ఆడవాళ్లు చేరారు. గుంపుగా నిలబడకూడదు, నడవండి అని పోలీసులు గద్దించారు. సరేనని ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని నడిచారు. తర్వాత గురువారాలకు మారిన ఆ నడక ఇప్పటికీ ఆగలేదు.

ఎనభైల్లో నేనొక కథ రాశాను, లాకప్‌లో చచ్చిపోయిన లారీ క్లీనరు గురించి. "కొట్టి చంపారు" అని రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు దాన్ని "అసువులు బాశాడు" అని అచ్చేశాడు. అసువులట! వాడు పద్దెనిమిదేళ్ల క్లీనరు, పురాణ పురుషుడు కాదు. సైకిలేసుకుని ఆఫీసుకి పోయాను తగువు పెట్టుకుందామని. ఆయన టీ తెప్పించి, "పాఠకులు డిస్టర్బ్ అవుతారండీ" అన్నాడు. డెబ్బై అయిదు రూపాయల మనియార్డరు అప్పటికే వచ్చేసింది, దాంతో బియ్యం కూడా కొనేశాం. ఏమీ అనకుండా టీ తాగి వచ్చేశాను. అది ఇవాళ్టికీ అరగలేదు.

ఇక ఆ ముగింపు. కుర్రాడు తెల్ల కొంగై చెరకు తోటల మీంచి ఎగిరిపోయాడు! ఈ పక్షుల ఫ్యాషన్ పదిహేనేళ్లుగా చూస్తున్నాను. మన కథల్లో ఎవరూ చావడం లేదు, అందరూ పిట్టలైపోతున్నారు. అవార్డు కమిటీలకు అదంటే మహా మోజు. (నాకు రాలేదని ఏడుస్తున్నాననుకో, ఫర్వాలేదు.) కానీ ఆ దేశంలో నిజంగానే మనుషుల్ని ఆకాశంలోంచి పడేశారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, విమానం ఎక్కించి, బతికుండగానే నీళ్లలోకి తోసేశారు. ఆ తల్లుల్ని కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌ను 1977 డిసెంబరులో ఎత్తుకెళ్లి అలాగే చేశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని పేరు లేకుండా పూడ్చేశారు. అది ఆమేనని తేలింది 2005లో. అలాంటి చోట మనిషిని ఆకాశంలోకి ఎగరేసే ముందు కాస్త ఆలోచించొద్దూ?

జూలైలో వాన కూడా కురిపించావు. అక్కడ జూలై అంటే చలికాలం, చెరకు నరికే రోజులు. మిల్లు రాత్రీ పగలూ ఆడుతుంటుంది. చక్కెర ఫ్యాక్టరీ ఊళ్లో పుట్టినదానివి, క్రషింగ్ సీజన్‌లో ఊరెలా ఉంటుందో నేను చెప్పాలా? పిప్పి గాలికి లేచి ఆరేసిన బట్టల మీద పడడం నీకు తెలుసు. కథలో ఒక్క నలుసు లేదు. ఆ ఊళ్లోనే ఓల్గా అరేదెస్ అని ఒకావిడ ఉండేది. భర్త డాక్టరు. మేయరుగా ఉన్నప్పుడు కంపెనీ పన్ను కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. 1977లో ఆయన్ని ఎత్తుకెళ్లారు. ఆవిడ గురువారాలు ఆ ఊరి చౌరస్తా చుట్టూ నడిచేది, ఏళ్ల తరబడి ఒక్కతే. ఆ పిప్పి దుమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్లోనే చేరి జబ్బయింది. 2005లో పోయింది.

ఇంత తిట్టి ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, తొమ్మిదో పేజీలో ఆ తల్లి కోసం. స్టేషన్‌లో గుమాస్తా ఆనవాళ్లు చెప్పమంటే ఆవిడ అంటుంది చూడు, "వాడి కుడి చెప్పు తెగింది, కుట్టించాలి" అని. ఆ "కుట్టించాలి" దగ్గర కాసేపు ఆగిపోయాను.

మా మేనమామ ఒకాయన ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆయన్ని ఎవరూ ఎత్తుకెళ్లలేదు, అది వేరు సంగతి. కొన్నేళ్లకి రేషన్ కార్డులు మార్చడానికి వచ్చినతను "ఈ పేరు తీసేద్దామా మామ్మగారూ" అని అడిగాడు. మా అమ్మమ్మ "వాడికి సన్నబియ్యమే ఇష్టం నాయనా" అంది. అతనికి ఏం రాయాలో తోచక పెన్నుకి క్యాప్ పెట్టేశాడు. మన భాషలో "ఇష్టం" అన్నాక క్రియ అక్కర్లేదు. ఇప్పుడా, అప్పుడా అని ఎవరూ అడగరు. క్రియ, క్రియ అని గోల పెట్టే నేను ఆవిడ ముందు మాత్రం నోరు మూసుకుంటాను.

అర్జెంటీనాలోనూ ఆ పేరు తీసేసే పనికి 1979లో ఏకంగా చట్టమే తెచ్చారు, ఆచూకీ లేనివాళ్లను చనిపోయినట్టు రాయించుకోవచ్చని. తల్లులు ఒప్పుకోలేదు. సైన్యం దిగిపోయాక, 1994లో గానీ సరైన కాగితం రాలేదు: "బలవంతంగా మాయం చేసినందువల్ల లేనివారు" అని. చట్టానికి కూడా చివరికి "చేయడం" అన్న మాట దొరికింది.

అన్నట్టు కార్మికుణ్ణి ఎంచుకున్నావు, బాగుంది. 1984లో అక్కడి విచారణ సంఘం వేసిన లెక్కలో అలా పోయినవాళ్లు దాదాపు తొమ్మిది వేల మంది తేలితే అందులో నూటికి ముప్పై మంది కార్మికులే. కథలేమో ఎక్కువగా విద్యార్థులవీ కవులవీ.

ఏ పత్రికకి పంపాలి, పోటీకి పెట్టొచ్చా అని అడిగావు. అవన్నీ తర్వాత. కరెంటు తీసేసిన రాత్రి మళ్లీ రాయి. కొంగని తీసెయ్. చెప్పు సంగతి మాత్రం ముట్టుకోకు.

ఇట్లు,
మీ మాస్టారు

తా.క. జిరాక్స్ వాడు పేజీకి అయిదు రూపాయలు తీసుకున్నాడు. ఈసారి అక్షరాలు కాస్త చిన్నవి పెట్టినా చదువుతాను.